రోలాండ్ గారోస్ 2025 పురుషుల ఫైనల్: సినర్ ఫామ్‌ను నమ్మాలా, అల్కరాస్ ఫామ్‌ను నమ్మాలా?

కృష్ణాతీరం
జూన్ 7, శనివారం, ఉదయం 8:15

రెండు సెమీఫైనల్సూ ముగిశాయి. రేపు సాయంత్రం మన కాలమానం ప్రకారం ఆరున్నరకు పారిస్‌లోని ఫిలిప్ షాట్రియే కోర్టులో యానిక్ సినర్, కార్లోస్ అల్కరాస్ రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్) టైటిల్ కోసం తలపడతారు. ఒకటో ర్యాంకు, రెండో ర్యాంకు ఆటగాళ్లైన వీరిద్దరూ గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో ఎదురుపడటం ఇదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరి ఆట ఇప్పుడు నిజంగా గాడిలో ఉందో సభ్యులందరూ వివరంగా మాట్లాడుకోవాలన్న కోరికతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

సినర్ ఆరు మ్యాచ్‌లలో పద్దెనిమిది సెట్లు ఆడి పద్దెనిమిదీ గెలిచాడు. అల్కరాస్ మాత్రం మారోజాన్, జుమ్‌హుర్, షెల్టన్, ముసెట్టిలకు తలొక సెట్ సమర్పించుకున్నాడు. ఈ ఒక్క లెక్క చూసి సినరే మెరుగైన ఫామ్‌లో ఉన్నాడని చాలామంది తేల్చేస్తున్నారు. నాకు ఆ తీర్పు తొందరపాటుగా కనిపిస్తోంది. మట్టికోర్టు టోర్నీ రెండో వారానికి వచ్చేసరికి ఎన్ని సెట్లు పోయాయన్నది కాదు, ఒక సెట్ ఎందువల్ల పోయింది, పోయిన తర్వాత ఆటగాడు ఏం చేశాడు అన్నవే అసలు సంగతి చెబుతాయి. మారోజాన్‌కు రెండో సెట్ 4-6తో ఇచ్చిన అల్కరాస్ ఆ తర్వాతి రెండు సెట్లను 6-1, 6-2తో ముగించాడు. ముసెట్టికి మొదటి సెట్ ఇచ్చి, రెండోది టైబ్రేక్‌లో (6-6 వద్ద సెట్‌ను తేల్చే అదనపు గేమ్‌లో) లాక్కుని, మూడో సెట్లో ప్రత్యర్థికి ఒక్క గేమ్ కూడా మిగల్చలేదు. ఏ మ్యాచ్‌నూ ఐదో సెట్ దాకా పోనివ్వలేదు. ఇది ఫామ్ లేని ఆటగాడి లక్షణమని నేను ఒప్పుకోలేను.

మీ మీ అభిప్రాయాలను కారణాలతో సహా రాయమని మనవి.

బేస్‌లైన్ బాటసారి
జూన్ 7, ఉదయం 9:02

కృష్ణాతీరం గారూ, చర్చకు మంచి సమయం ఎంచుకున్నారు. అయితే మీరు సెట్ల లెక్కను పక్కకు నెట్టిన తీరు నాకు నచ్చలేదు. సినర్ ఆ సెట్లను ఎలా గెలిచాడో కూడా చూడాలి కదా. మూడో రౌండ్లో లెహెచ్‌కాను 6-0, 6-1, 6-2తో ఓడించాడు. నాలుగో రౌండ్లో రుబ్లెవ్‌ను 6-1, 6-3, 6-4తోనూ, క్వార్టర్స్‌లో బుబ్లిక్‌ను 6-1, 7-5, 6-0తోనూ ఇంటికి పంపాడు. వీళ్లెవరూ అనామకులు కారు; లెహెచ్‌కా, రుబ్లెవ్ బంతిని ఎంత బలంగా కొడతారో మనందరికీ తెలుసు, బుబ్లిక్ అంతకు ముందు మ్యాచ్‌లోనే డ్రేపర్‌ను ఓడించి వచ్చాడు. అటువంటి వారిని ఊపిరి తీసుకోనివ్వకుండా ఆడటం కేవలం అదృష్టం వల్ల, డ్రా వల్ల జరిగే పని కాదు.

ఇక నిన్నటి రాత్రి సంగతి. జొకోవిచ్‌కు 38 ఏళ్లు నిండిన మాట నిజమే. అయినా అతడు క్వార్టర్స్‌లో జ్వెరెవ్‌ను నాలుగు సెట్లలో ఓడించి, తన కెరీర్ మొత్తంలో ఈ టోర్నీలో నూరు విజయాలు దాటిన తర్వాత సెమీస్‌కు వచ్చాడు. మూడో సెట్లో 5-4 వద్ద అతడికి మూడు సెట్ పాయింట్లు (గెలిస్తే సెట్ దక్కే పాయింట్లు) వచ్చాయి. సర్వ్ చేస్తున్నది సినర్. మూడింటినీ కాపాడుకుని, టైబ్రేక్‌ను 7-3తో గెలిచి, 6-4, 7-5, 7-6తో మ్యాచ్ ముగించాడు. పరీక్ష ఎదుర్కోలేదని అనేవాళ్లు ఆ గేమ్‌ను మళ్లీ ఒకసారి చూడాలి. గత ఏడాది యూఎస్ ఓపెన్, ఈ ఏడాది ఆస్ట్రేలియన్ ఓపెన్, ఇక్కడి ఆరు మ్యాచ్‌లు కలుపుకుంటే గ్రాండ్‌స్లామ్‌లలో సినర్‌కు ఇది వరుసగా ఇరవయ్యో విజయం. ఇంతకంటే గట్టి ఆధారం ఏం కావాలి?

ఎల్ పల్మార్ అభిమాని
జూన్ 7, ఉదయం 9:48

బాటసారి గారి మాటల్లో నిజముంది. కానీ ఆ ఇరవై విజయాలలో పద్నాలుగు హార్డ్‌కోర్టు మీద వచ్చినవి. మనం మాట్లాడుకుంటున్నది ఎర్రమట్టి గురించి. ఈ ఏడాది మట్టి మీద అల్కరాస్ 21 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడాడు. ఆ ఒక్కటీ బార్సిలోనా ఫైనల్లో రూనె చేతిలో. తొడ కండరం పట్టేసి ఆ తర్వాత మాడ్రిడ్‌కు కూడా దూరమయ్యాడు. మోంటే కార్లో అతడిదే, రోమ్ అతడిదే. రోమ్ ఫైనల్లో ఓడింది సినరే, 7-6, 6-1తో. మూడు వారాలు కూడా గడవలేదు.

మీరు లెహెచ్‌కా స్కోరు చూపించారు కాబట్టి నేను టామీ పాల్ స్కోరు చూపిస్తాను. క్వార్టర్స్‌లో అల్కరాస్ అతడిని 6-0, 6-1, 6-4తో ఓడించాడు. పాల్ శరీరం పూర్తిగా సహకరించలేదన్నది వాస్తవమే గానీ, ఆ రోజు అల్కరాస్ ఫోర్‌హ్యాండ్ ముందు పూర్తి ఆరోగ్యంతో ఉన్నవాడైనా ఎంతసేపు నిలబడగలిగేవాడో చెప్పడం కష్టం.

షెల్టన్‌తో మ్యాచ్‌లో ఒక చిన్న సంఘటన గురించి కూడా చెప్పాలి. అల్కరాస్ నెట్ దగ్గర బంతి కోసం దూకాడు. రాకెట్ చేతిలోంచి జారి గాల్లో ఉండగానే బంతికి తగిలి అవతలి వైపు పడింది. అంపైర్ గమనించలేదు, పాయింట్ అల్కరాస్‌కే ఇచ్చారు. అతడు స్వయంగా వెళ్లి రాకెట్ తన చేతిలో లేదని చెప్పి ఆ పాయింట్‌ను వదులుకున్నాడు. ఇది అతడి మంచితనానికి సంబంధించిన విషయమని మాత్రమే నేను చెప్పడం లేదు. ఒత్తిడిలో ఉన్నవాడు, తన ఆట మీద తనకే నమ్మకం లేనివాడు నాలుగో రౌండ్లో అంత తేలిగ్గా పాయింట్ వదులుకోలేడు. ఆ నిబ్బరం కూడా ఫామ్‌లో భాగమేనని నా నమ్మకం.

సాగరిక
జూన్ 7, ఉదయం 10:20

రోమ్ ఫలితాన్ని ఇక్కడ ఆధారంగా తీసుకోవడం సరికాదేమో ఆలోచించండి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు సినర్ ఫిబ్రవరి 9 నుంచి మే 4 దాకా ఆటకు దూరంగా ఉన్నాడు. మూడు నెలల తర్వాత అతడు ఆడిన మొదటి టోర్నీ అది. అయినా క్వార్టర్స్‌లో రూడ్‌ను 6-0, 6-1తో ఓడించి, ఆపై ఫైనల్‌కు చేరాడు, ఫైనల్ మొదటి సెట్లో రెండు సెట్ పాయింట్లు కూడా సంపాదించాడు. రెండో సెట్ 6-1తో జారిపోయిందంటే అది ఆట లోపం కన్నా మ్యాచ్‌ల అలవాటు తప్పిన కాళ్ల లోపమే. ఇప్పుడు ఆ కాళ్లు మళ్లీ కుదురుకున్నాయి.

నిర్వాహకులు
జూన్ 7, ఉదయం 10:31

సినర్ నిషేధం గురించి దాని ప్రభావం ఆట మీద ఎంత అన్న మేరకే ఇక్కడ రాయండి. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న చర్చకు ఇది చోటు కాదు. సాగరిక గారి వ్యాఖ్య ఆ హద్దులోనే ఉంది, ధన్యవాదాలు.

సేన్ నది తెలుగువాడు
జూన్ 7, మధ్యాహ్నం 1:05

నేను ఉద్యోగరీత్యా పారిస్‌లో ఉంటున్నాను. నిన్న రెండు సెమీఫైనల్సూ స్టేడియం పై వరుసల్లో కూర్చుని చూశాను. టీవీలో కనిపించని ఒకటి రెండు విషయాలు రాస్తే ఈ చర్చకు పనికొస్తాయని అనుకుంటున్నాను.

పై నుంచి చూసినప్పుడు ఆటగాళ్ల పాదముద్రలు కోర్టు మీద పటం గీసినట్టు కనిపిస్తాయి. సెట్ ముగిసిన వెంటనే సిబ్బంది వచ్చి వలలు లాగి మట్టిని చదును చేస్తారు, గీతలను చీపుర్లతో తుడుస్తారు. ఆ చదును చేయక ముందు ఒక్క నిమిషం చూస్తే ఎవరు ఎక్కడ నిలబడి ఆడారో తెలిసిపోతుంది. అల్కరాస్, ముసెట్టిల మ్యాచ్ మొదటి సెట్ ముగిసేసరికి అల్కరాస్ వైపు జారిన గీతలు అన్ని చోట్లా ఉన్నాయి. బేస్‌లైన్‌కు (కోర్టు వెనక గీతకు) బాగా వెనక, నెట్ దగ్గర, రెండు పక్కల గీతలు దాటి కూడా. అతడు ముసెట్టి ఆడించినట్టల్లా పరుగెత్తాడు. మూడో సెట్ ముగిసేటప్పటికి గుర్తులు ఎక్కువగా బేస్‌లైన్‌ను ఆనుకునే ఉన్నాయి. ఎదురుగా ముసెట్టి ఎడమ కాలు పట్టేసి కదలలేకపోతున్న మాట నిజమే, నాలుగో సెట్లో 0-2 వద్ద తప్పుకున్నాడు కూడా. కానీ ఆ మలుపు గాయం కంటే ముందే, రెండో సెట్లోనే మొదలైందని నా అంచనా. అల్కరాస్ రెండు మూడు అడుగులు ముందుకు జరిగి ఆడటం నేను అక్కడే గమనించాను.

రాత్రి మ్యాచ్‌లో సినర్ పాదముద్రలు మొదటి నుంచి చివరి వరకూ ఒకే చోట గుమిగూడి ఉన్నాయి. బేస్‌లైన్ వెనక ఒక ఇరుకైన పట్టీ, అంతే. జొకోవిచ్ డ్రాప్ షాట్లు (నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసే బంతులు) వేసినప్పుడు మాత్రమే అతడు ఆ పట్టీ దాటి ముందుకు రావలసి వచ్చింది. బంతి రాకెట్‌కు తగిలే చప్పుడు కూడా తేడాగా వినిపించింది. సినర్ కొట్టినప్పుడు పై వరుసల దాకా ఒకే రకమైన గట్టి శబ్దం, మూడు గంటలకు పైగా సాగిన మ్యాచ్‌లో అది ఎక్కడా పలచబడలేదు.

టాప్‌స్పిన్ మాస్టారు
జూన్ 7, మధ్యాహ్నం 2:40

పారిస్ మిత్రుడు రాసింది చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే నేను చెప్పదలచుకున్న విషయానికి అది సరిగ్గా దారి చూపిస్తోంది. నేను చాలా ఏళ్లుగా పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. స్కోర్లను కాసేపు పక్కనపెట్టి, ఇద్దరికీ ఎదురైన ప్రత్యర్థులు ఏ రకం ఆట ఆడేవారో చూద్దాం.

రోలాండ్ గారోస్ కోర్టు పై పొర ఇటుక పొడి. మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది, దాని కింద సున్నపురాయి పొర. ఆ పొడి మీద పడిన బంతి రాపిడికి వేగం కోల్పోయి పైకి లేస్తుంది. అందువల్ల సర్వ్ బలం కొంత తగ్గుతుంది, బంతికి ఎక్కువ స్పిన్ ఇచ్చేవాడికి లాభం పెరుగుతుంది, పాదం జారించి ఆగడం తెలిసినవాడు అందని బంతులను కూడా అందుకుంటాడు. ఈ నేల మీద సినర్ ఆడే ఆట నిజానికి హార్డ్‌కోర్టు ఆటే. బంతి పూర్తిగా పైకి లేవక ముందే, నిలబడిన చోటు వదలకుండా, రెండు వైపులా ఒకే వేగంతో లోతుగా కొడతాడు. అతడికి అన్నిటికన్నా ఇష్టమైన బంతి ఒకే ఎత్తులో, ఒకే వేగంతో వచ్చే బంతి. రుబ్లెవ్, లెహెచ్‌కా అతడికి సరిగ్గా అటువంటి బంతులనే ఇచ్చారు. బలం మీద బలం పెడితే సినర్‌ను మించినవాడు ఈ రోజు లేడు కాబట్టే ఆ స్కోర్లు అంత ఏకపక్షంగా వచ్చాయి. బుబ్లిక్ తన మామూలు ధోరణిలో డ్రాప్ షాట్లు, వేగం మార్పులు కలిపి ఆడగలిగిన రెండో సెట్ మాత్రం 7-5 దాకా వెళ్లింది. జొకోవిచ్ కూడా డ్రాప్ షాట్లతో, ఎత్తు మార్పులతోనే సెట్ పాయింట్ల దాకా రాగలిగాడు.

అల్కరాస్‌కు సెట్లు పోగొట్టిన వాళ్లను చూడండి. మారోజాన్ 2023లో రోమ్‌లో డ్రాప్ షాట్లతోనే అల్కరాస్‌ను ఓడించినవాడు. జుమ్‌హుర్‌కు పెద్ద బలం లేకపోయినా బంతిని ఏ రెండు సార్లూ ఒకలా పంపడు. ముసెట్టి ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్‌తో స్లైస్ చేసి (కింది వైపు కోసినట్టు కొట్టి) బంతిని మోకాలి ఎత్తుకు మించి లేవనివ్వడు. షెల్టన్ ఎడమచేతి సర్వ్ వేరే సమస్య. అంటే అల్కరాస్ ఈ రెండు వారాల్లో నాలుగు వేర్వేరు చిక్కుముడులు విప్పుకుంటూ వచ్చాడు. సినర్ దాదాపు ఒకే రకం ప్రశ్నపత్రానికి మళ్లీ మళ్లీ నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటూ వచ్చాడు. ఎవరు గొప్ప అని నేను అనడం లేదు. రేపు అల్కరాస్ సినర్‌కు ఇవ్వబోయే ఆట ఇప్పటిదాకా సినర్ ఎదుర్కొన్న ఆట కాదు అని మాత్రం ఖచ్చితంగా అంటాను.

బేస్‌లైన్ బాటసారి
జూన్ 7, మధ్యాహ్నం 3:25

మాస్టారు గారూ, మీ విశ్లేషణకు కృతజ్ఞతలు. దాన్నే తిప్పి చూస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. సినర్ రేపు అల్కరాస్‌కు ఇవ్వబోయే ఆట కూడా అల్కరాస్ ఈ టోర్నీలో ఎదుర్కోలేదు. మారోజాన్, జుమ్‌హుర్, ముసెట్టి... వీళ్లలో ఎవరి బంతి అయినా సినర్ బంతిలా భుజం మీదికి దూసుకొస్తుందా? ముసెట్టి స్లైస్‌కు సమాధానం వెతకడానికి అల్కరాస్‌కు పట్టిన ఒక సెట్ సమయాన్ని సినర్ అతడికి ఇవ్వడు. మొదటి సెట్ ఇచ్చి తర్వాత చూసుకుందాం అనే పద్ధతి సినర్ మీద సాగదు, ఎందుకంటే ఒకసారి ముందంజ వేశాక అతడు వేగం తగ్గించడు.

డ్రాప్ షాట్ గురించి కూడా ఒక మాట. బేస్‌లైన్‌కు చాలా వెనక నిలబడే జ్వెరెవ్ లాంటి వాళ్ల మీద అది బాగా పనిచేస్తుంది. సినర్ ర్యాలీల్లో బేస్‌లైన్‌ను ఆనుకుని ఉంటాడు కాబట్టి ముందుకు పరుగెత్తవలసిన దూరం తక్కువ. పారిస్ మిత్రుడు చెప్పిన ఆ ఇరుకైన పట్టీయే అతడికి రక్ష.

నొవాక్ పక్షం
జూన్ 7, మధ్యాహ్నం 4:10

జొకోవిచ్ అభిమానిగా నిన్నటి మ్యాచ్ నాకు ఎంత బాధ కలిగించినా, సినర్ ఆటను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా జొకోవిచ్ ఇతరులకు చేసిందే సినర్ అతడికి చేశాడు. ఎంత మంచి బంతి కొట్టినా అంతకన్నా లోతైన బంతి తిరిగి రావడం, చివరికి గీత మీదకు కొట్టబోయి తప్పు చేయడం. జ్వెరెవ్ మీద 41 షాట్ల ర్యాలీ గెలిచిన మనిషి నిన్న మూడో సెట్లో పాయింట్ త్వరగా ముగించాలని చూశాడంటే, సినర్‌తో సుదీర్ఘ ర్యాలీలు ఆడటం ఎంత కష్టమో అర్థం చేసుకోవాలి.

అయితే మాస్టారు గారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను. సెట్ పాయింట్ల వరకూ వచ్చిన ఆ గేమ్‌లో సినర్ మొదటిసారి కాస్త బిగుసుకున్నట్టు కనిపించాడు. ఆ పరిస్థితిలో ఎదురుగా 22 ఏళ్ల కాళ్లు ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసుకోవాలని ఉంది. రేపు అది తెలుస్తుంది.

ఎల్ పల్మార్ అభిమాని
జూన్ 7, సాయంత్రం 5:00

నొవాక్ పక్షం గారు ఎత్తిన విషయానికే వస్తాను. మ్యాచ్ ఐదో సెట్‌కు వెళితే లెక్కలు చాలా స్పష్టంగా ఉన్నాయి. అల్కరాస్ తన కెరీర్లో ఐదు సెట్ల మ్యాచ్‌లు పన్నెండు గెలిచి ఒక్కటే ఓడాడు. ఆ ఓటమి 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో బెరెటిని చేతిలో. సినర్ ఆరు గెలిచి తొమ్మిది ఓడాడు. ఆ తొమ్మిదిలో రెండు అల్కరాస్ చేతిలోనే ఉన్నాయి. 2022 యూఎస్ ఓపెన్ క్వార్టర్స్ ఐదుం పావు గంటలు సాగి తెల్లవారుజామున ముగిసింది. ఆ మ్యాచ్ నాలుగో సెట్లో సినర్‌కు మ్యాచ్ పాయింట్ వచ్చి చేజారింది. గత ఏడాది ఇదే కోర్టులో, ఇదే టోర్నీ సెమీస్‌లో సినర్ రెండు సెట్లకు ఒకటి ఆధిక్యంలో ఉండి 2-6, 6-3, 3-6, 6-4, 6-3తో ఓడిపోయాడు. ఆ టోర్నీ ఫైనల్లో అల్కరాస్ జ్వెరెవ్‌ను కూడా ఐదు సెట్లలోనే, మళ్లీ ఒకటికి రెండు సెట్లు వెనకబడి ఓడించాడు. సెట్లు పోగొట్టుకుంటూ టైటిల్ గెలవడం అతడికి కొత్త కాదు.

సాగరిక
జూన్ 7, సాయంత్రం 5:35

ఐదు సెట్ల లెక్కలో పాత సినర్ ఉన్నాడు. 2023లో ఇక్కడే ఆల్ట్‌మయర్ చేతిలో అయిదున్నర గంటల మ్యాచ్ ఓడిన కుర్రవాడు, 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో మెద్వెదెవ్‌కు రెండు సెట్లు ఇచ్చి తర్వాతి మూడు గెలిచిన ఆటగాడు ఒకరే అనుకుంటే మనం ఫామ్ గురించి కాదు, చరిత్ర గురించి మాట్లాడుతున్నట్టు. పైగా సినర్ ఈ సీజన్లో మట్టి మీద ఆడింది పన్నెండు మ్యాచ్‌లే. అల్కరాస్ ఇరవై రెండు ఆడాడు. ఐదో గంటలో ఎవరి శరీరం తాజాగా ఉంటుందో కూడా లెక్కలోకి తీసుకోండి.

టాప్‌స్పిన్ మాస్టారు
జూన్ 7, సాయంత్రం 6:05

తాజాదనం ఒక కోణం మాత్రమే. మట్టి మీద పొడవైన మ్యాచ్‌ను కాళ్లు ఎంత మోస్తాయో, పాయింట్‌ను వేర్వేరు మార్గాల్లో గెలవగలగడం కూడా అంతే మోస్తుంది. మొదటి మార్గం అలసినప్పుడు రెండో మార్గం కావాలి. అల్కరాస్‌కు కిక్ సర్వ్ (స్పిన్‌తో ఎత్తుగా ఎగిరే సర్వ్) వేసి వెంటనే నెట్‌కు రావడం, ఎత్తుగా టాప్‌స్పిన్ వేసి ఊపిరి తీసుకోవడం, డ్రాప్ షాట్ వేసి లాబ్ కొట్టడం (ప్రత్యర్థి తల మీదుగా బంతిని పంపడం) అన్నీ ఉన్నాయి. సినర్‌కు ఉన్న ఒకే మార్గం ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనది, కానీ నాలుగో గంటలో కూడా అది అంతే ఖచ్చితత్వంతో పనిచేయాలి. ఈ నేల మీద అతడు ఇంకా నిరూపించవలసింది అదొక్కటే.

కృష్ణాతీరం
జూన్ 7, రాత్రి 10:15

ఇప్పుడే మహిళల ఫైనల్ చూసి వస్తున్నాను. కోకో గాఫ్ 6-7, 6-2, 6-4తో సబలెంకను ఓడించింది. మన చర్చకు ఇంతకన్నా తగిన ఉదాహరణ దొరకదు. గురువారం సెమీస్‌లో సబలెంక ఇక్కడ వరుసగా 26 మ్యాచ్‌లు గెలిచిన స్వైటెక్‌ను ఓడించింది, ఆ మూడో సెట్ 6-0. ఆ రోజు ఫామ్ ఎవరిదని అడిగితే మనమందరం ఒకే పేరు చెప్పేవాళ్లం. రెండు రోజుల తర్వాత, గాలి వీస్తున్న కోర్టులో, ఆమె డెబ్బై అనవసర తప్పిదాలు చేసింది. గాఫ్ అంత అందంగా ఆడలేదు, కానీ ప్రతి బంతినీ నెట్ పైనుంచి ఎత్తుగా పంపి, ఎంత దూరమైనా పరుగెత్తి, మరొక షాట్ కొట్టక తప్పని స్థితిని సబలెంకకు కల్పిస్తూ పోయింది.

సెమీస్‌లో మెరిసిన ఆట ఫైనల్‌కు యథాతథంగా వెంట రాదని నేను ఉదయం చెప్పబోయింది ఇదే. పరిస్థితి మారినప్పుడు ఆటను మార్చుకోగలిగిన వాడి ఫామ్ వెంట వస్తుంది.

బేస్‌లైన్ బాటసారి
జూన్ 7, రాత్రి 10:50

గాఫ్ విజయం చూసి నాకూ ఆనందం కలిగింది. కానీ సబలెంక స్థానంలో సినర్‌ను పెట్టడం అతడికి అన్యాయం. సబలెంక కోపం తెచ్చుకుంటుంది, ఒక తప్పు రెండు తప్పులవుతుంది. సినర్ ముఖంలో గెలుపోటములు కనిపించవు. తప్పు చేసిన మరుసటి బంతిని కూడా అదే తీరుగా కొడతాడు. గాలి వీచినా అతడి పాదాల సర్దుబాటు తప్పదు. సబలెంక ఓటమికి ఆమె బలమైన షాట్లు కారణం కాదు, గాలిలో ఆ షాట్ల కోసం పాదాలను సర్దుకోకపోవడం కారణం.

సేన్ నది తెలుగువాడు
జూన్ 8, ఆదివారం, మధ్యాహ్నం 2:20

2012లో సానియా మీర్జా, మహేశ్ భూపతి ఇక్కడ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ గెలిచినప్పటి నుంచి నేను ఈ టోర్నీని విడవకుండా చూస్తున్నాను. ఇక్కడ స్థానికుల మాటల్లో కూడా మన చర్చలో ఉన్న రెండు వాదనలే వినిపిస్తున్నాయి. ఇటలీ నుంచి వచ్చినవాళ్లు 1976లో పనాటా తర్వాత తమ పురుషులెవరూ ఇక్కడ సింగిల్స్ గెలవలేదని గుర్తు చేసుకుంటున్నారు. స్పెయిన్ వాళ్లు, నాదల్‌ను మినహాయిస్తే 2000, 2001లలో కుయెర్టెన్ తర్వాత ఈ టైటిల్‌ను వరుసగా నిలబెట్టుకున్నవారు లేరని, ఆ పని చేయగలిగింది అల్కరాసేనని అంటున్నారు.

కృష్ణాతీరం
జూన్ 8, సాయంత్రం 5:40

మ్యాచ్‌కు ముందు నా చివరి మాట. ఈ చర్చలో అందరి వాదనలూ చదివాక, ఆధారంగా చూడవలసిన చోటు ఒకటుందని నాకు తోస్తోంది. అది అల్కరాస్ రెండో సర్వ్, అంటే మొదటిది తప్పినప్పుడు వేసేది. సినర్ దాన్ని బేస్‌లైన్ దగ్గరి నుంచే అందుకుని లోతుగా తిప్పికొడుతుంటే, బాటసారి గారు చెప్పినట్టే అల్కరాస్‌కు తన వైవిధ్యం వాడుకునే తీరిక దొరకదు, మొదటి రెండు సెట్లూ చేజారిపోవచ్చు. కిక్ సర్వ్‌తో సినర్‌ను వెనక్కి, పక్కకు తోయగలిగితే ముందుకు వచ్చే దారి తెరుచుకుంటుంది. మొదటి సెట్ ఫలితం ఏదైనా నేను కంగారుపడను. ఇద్దరి ముఖాముఖిలో అల్కరాస్ 7-4తో ముందున్నాడు, చివరి నాలుగు మ్యాచ్‌లూ అతడివే, వాటిలో రెండు మట్టి మీద ఆడినవి. నా అంచనా: అల్కరాస్, ఐదు సెట్లలో.

బేస్‌లైన్ బాటసారి
జూన్ 8, సాయంత్రం 6:05

మట్టి మీద వీరి మొదటి ఫైనల్ 2022లో ఉమాగ్‌లో జరిగిందనీ, మొదటి సెట్ టైబ్రేక్‌లో ఓడిన సినర్ ఆ తర్వాత 6-1, 6-1తో గెలిచాడనీ కూడా గుర్తుంచుకుందాం. మీరు చెప్పిన రెండో సర్వ్ కొలమానాన్ని నేను ఒప్పుకుంటున్నాను, దానికి ఒకటి కలుపుతాను: 5-3, 5-4 లాంటి స్కోర్ల వద్ద సినర్ మొదటి సర్వ్ ఎన్ని సార్లు కోర్టులో పడుతుందో చూడండి. నిన్న కాదు మొన్న జొకోవిచ్ మీద అతడిని కాపాడింది అదే. అది నిలబడితే సినర్, నాలుగు సెట్లలో. నిలబడకపోతే, మ్యాచ్ మీరు కోరుకున్న ఐదో సెట్‌కు వెళుతుంది, అక్కడ ఏం జరుగుతుందో మ్యాచ్ ముగిశాక ఇక్కడే మాట్లాడుకుందాం.